వాకిట్లో పోసిన సిమెంటు

మా వీధి తిరపతిలో కొండ వైపు నుంచి కిందికి వాలుగా ఉండాది. ముందు అందరి వాకిళ్లలోనూ ఇంత మట్టి నేల ఉండేది. పొద్దున్నే పేడనీళ్లు చల్లి ముగ్గు వేసేవాళ్లం. పేడ ఇచ్చేది వీధి చివర పల్లపు ఇంట్లో ఉండే అవ్వ. ఒంటి మనిషి. ఒక్క ఆవును పెట్టుకుని, పాలు పోసి బతికేది.

వీధికి సిమెంటు రోడ్డు వేసేటప్పుడు మేస్త్రీని నేనే విసిగించినా. "మా గోడ దాకా పోసెయ్ అప్పా, వానొస్తే బురద తొక్కలేక చస్తా ఉండాము" అని. పోసినాడు. నన్ను చూసి పక్కింటోళ్లు, వాళ్లను చూసి ఎదురింటోళ్లు. నెల తిరక్కముందే వీధిలో మట్టి అనేది లేకుండా చేసినాము. స్కూటర్లు ఎక్కించడానికని కాలవలు కూడా మూసేసినాము. ముగ్గుకు పెయింటు వచ్చె, పేడకు ఎవరూ పోకపోయె. రోడ్డు మాత్రం అవ్వ గడపకంటే మూడు మెట్లు పైకి లేచింది. "బాగుందిమ్మా, కాళ్లకు మట్టి అంటదు" అనింది అవ్వ. నాకెంత గొప్పగా ఉండిందో. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తాది.

ఆ కార్తీకంలో ముసురు పట్టింది. మూడో నాడు మధ్యాన్నం వాన గట్టిగా అందుకుంది. ఇంకేముంది, పీల్చుకునే నేల లేదు, పోయే కాలవ లేదు. వీధి వీధంతా ఏరై పారింది. మా వాకిట్లో మడమలు తడిసినాయి, అంతే. అవ్వ కొట్టంలో మాత్రం నడుము దాటినాయి నీళ్లు. నేనూ ఎదురింటాయనా పోయేసరికి, అవ్వ ఆవు మూతిని రెండు చేతులతో నీళ్లపైకి ఎత్తి పట్టుకుని నిలబడుండాది. చూడి ఆవు. తాడు కట్టిన గుంజ నీళ్లడుగున ఉండాది, నానిన ముడి ఎంతకూ రాలేదు. ఎదురింటాయన కత్తికోసం పరిగెత్తినాడు. నీళ్లు పెరగతా ఉంటే నేను అవ్వను పట్టుకుని లాగినా. "నన్ను కాదమ్మా, దాన్ని చూడు" అని ఒకటే ఏడుపు. చేతులు విడిపించి, ఈడ్చుకొచ్చి మెట్టెక్కించినా. కత్తి వచ్చేసరికి ఆవు తల కనపడలేదు.

మర్నాడు నీళ్లు తీసినాయి. అవ్వ కొట్టంలో బురదలోనే కూలబడి, "వానకు బెదిరి తెంచుకుంటాదని నేనే తాడు పొట్టిగా కట్టినా. పాపిష్టిదాన్ని, నేనే చంపుకున్నా కదమ్మా" అనింది.

నేను పక్కనే ఉండినా. నువ్వు కాదవ్వా, మేము అనే మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆ పూట ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నా.