ఆవిరి ఓడల్లో అడగని మాట

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటుతున్నాను. చేతిలో ఆవిరితో ఎగిరే ఓడల నవల, మూడో భాగం. పక్కన నిలబడ్డ ఒకావిడ అట్ట చూసి నవ్వారు. రాజోలులో ఇంగ్లీషు టీచరట.

"మీరూ ఇవి చదువుతారా?" అన్నాను ఆశ్చర్యంగా.

"ఆయ్. మూడూ చదివేనండీ. ఓడలు బాగున్నాయి, ఇత్తడి చక్రాలూ బాగున్నాయి. మనుషులే బాలేరండీ."

నాకు చిర్రెత్తింది. ఆ లోకమంటే నాకు ప్రాణం. "ఏం తక్కువైందండీ వాళ్లకి?"

"ఆ హీరో అన్ని ఊళ్లు తిరిగేడు కదా. ఒక్క గుమ్మంలోనైనా భోంచేసేవా అని అడిగేరా అతన్ని?"

ఎంత ఆలోచించినా ఒక్కరూ గుర్తు రాలేదు. మంత్రాలూ యుద్ధాలూ చెప్పి వాదించబోయాను.

"అది సరేగానీ, మీరు భోంచేసేరా అండీ?"

లేదన్నాను. వెంటనే క్యారేజీ విప్పి, మూతలో సగం పులిహోర పెట్టి చేతికిచ్చారు. నరసాపురం ఒడ్డు వచ్చేలోపు మూత ఖాళీ చేశాను.

ఈమధ్యే నాలుగో భాగం వచ్చింది. బెంగళూరులో నా గదిలో కూర్చుని చదువుతుంటే, ఓడలో బొగ్గు వేసే ముసలామె హీరోని ఆపి అడిగింది, ఏమైనా తిన్నావా అని. ఉన్నపళాన టీచరుగారికి చెప్పాలనిపించింది. కానీ ఆరోజు ఆవిడ పేరైనా అడగలేదు.

పుస్తకం మూశాను. మధ్యాహ్నం దాటిపోయింది. నేనింకా తినలేదని ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు.