రీలుకెక్కిన ముఖం

నర్సింగం గొప్ప ఫోటోగ్రాఫరు కాడు. ఊరొదిలి వలసవచ్చి, ముప్పై ఏళ్లు ఉధ్నాలో మరమగ్గాల మీద, వాళ్ల మాటలో సాంచెల మీద, చీర గుడ్డ నేసినవాడు. ఆదివారాలు మాత్రం జేబులో పట్టే చిన్న రీలు కెమెరాతో చుట్టుపక్కల అద్దెగదుల వాళ్లకు ఫోటోలు తీసేవాడు. తలలు తెగేవి, గోడలు ఒరిగేవి. అతనిలో మెచ్చదగినది ఒక్కటే: నొక్కేముందు ఆగేవాడు.

చెల్లెలు భూదేవి భర్త ఆగయ్యది డిజిటల్ కెమెరా. ఇద్దరూ ఒకే కార్ఖానాలో పక్కపక్క మగ్గాల మీద పనిచేసేవారు. వాళ్ల వాదానికి వయసు పదేళ్లు.

"నీ డబ్బల బొమ్మ వడ్డదో లేదో కడిగేదాంక దేవునికి గూడ ఎర్కలేదు బావా," అనేవాడు ఆగయ్య. "నాదాంట్ల గిట్ల నొక్కు, గట్ల సూడు. నచ్చకుంటే తుడిచెయ్యి."

"తుడిస్తె పొయ్యేదాన్ని ఫోటో అనరు బావా, పలక అంటరు."

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌కు నగరమంతా మూతపడినా ఆ కార్ఖానా మూతపడలేదు. మేస్త్రి దశరథం, తమ ఊరివాడే, షట్టర్ సగం దించి పన్నెండు మందిని లోపల పెట్టి మగ్గాలు నడిపించాడు. ఇద్దరికి జ్వరం వచ్చినా వదలలేదు. ఉధ్నాలోని తెలుగు నేతపనివాళ్ల సంఘానికి చూపిస్తే విముక్తి దొరుకుతుందని ఆగయ్య నాలుగు ఫోటోలు తీశాడు. దశరథం కనిపెట్టాడు. కెమెరా లాక్కుని, షట్టర్ కింది వెలుతురులోకి వచ్చి, ఒక్కొక్కటే తుడిచేశాడు.

"సూసినవా, ఎంత అల్కగ పోయినయో! పో, పోయి సాంచె కాడ నిలవడు."

ఆగయ్య వెనుదిరిగి మగ్గం చేరిన క్షణాన, మోత చాటున, ఫ్లాష్ ఆపి నర్సింగం ఒక్కసారి నొక్కాడు. దశరథం అతని చేతిలోని కెమెరానూ చూశాడు. వెనక తెర లేదు, తుడవడానికి ఏమీ కనబడలేదు. "గీ డబ్బను పోరగాండ్లకు ఆడుకోనియ్యి," అని వదిలేశాడు.

మూడు వారాలకు ఆగయ్య కరోనాతో పోయాడు. ముఖం చూసే వీలు కూడా ఇంటివాళ్లకు దొరకలేదు. ఆ దుఃఖం పచ్చిగా ఉండగానే దశరథం ఊరికి ఫోన్లు చేశాడు. కార్ఖానా బంద్‌లోనే ఉందట, ఆగయ్య సారా కోసం గల్లీలు తిరిగి రోగం తెచ్చుకున్నాడట. ఊరు నమ్మింది. మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేదని అత్తగారు భూదేవితో మాట మానేసింది.

కాలం కోపాన్ని చల్లారుస్తుందంటారు. కొందరిలో కాలం దాన్ని సానపడుతుంది. రీలు కడిగే స్టూడియో తెరిచేసరికి అక్టోబరు వచ్చింది. అన్నాళ్లూ నర్సింగం కెమెరాను బియ్యపు డబ్బాలో దాచి, రోజూ పొద్దున్నే మూత తీసి తడిమి చూసుకునేవాడు. బొమ్మ పడకపోయి ఉంటే దశరథం గెలిచినట్టే.

పడింది. మూలన ఎర్రటి అంకెలు మాత్రం 2019 ఏప్రిల్ అని చూపించాయి. ఆ పాత కెమెరాలో తారీఖు 2019 దాటి ముందుకు జరగదు. స్టూడియో అతను అంకెలు కత్తిరించి ఇస్తానన్నాడు. నర్సింగం వద్దన్నాడు.

ఆదివారం సంఘం హాలులో పంచాయితీ కూర్చుంది. పెద్దమనిషి ముత్యం అడిగితే, లాక్‌డౌన్‌లో షట్టర్ ముట్టనే లేదని దశరథం ఒట్టేశాడు. నర్సింగం ఫోటో ముందు పెట్టాడు. దశరథం దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అంకెలు కనబడగానే నవ్వాడు.

"తారీఖు సదువుండ్రి! ఇది పోయినేటిది. ఈ బావాబామ్మర్దులకు కెమెరాలున్నయి గని కండ్లు లేవు."

"అయితే దీంట్ల ఉన్నది నువ్వేనా మేస్త్రీ?" అడిగాడు నర్సింగం.

"నేనే. ఎన్కమర్ల సాంచె మీద ఆగయ్య. పోయినేడు పని చేసుడు గూడ తప్పేనా?"

"జర గట్టిగ చెప్పు. అందరిని విననియ్యి."

"నేనే అంటున్న గదా!"

ముత్యం కళ్లద్దాలు సవరించుకుని ఫోటోను దగ్గరగా పట్టాడు. "పోయినేడు ఏప్రిల్ల మీ కార్ఖానల అందరు దవఖాన మాస్కులు వెట్టుకొని నేసిండ్రా, దశరథం? నీదైతే గదువ కిందికి జారింది."

వెనక వరుసలో ఎవరో పకపకా నవ్వారు. దశరథం చెయ్యి తన గడ్డం మీదికి పోయింది. అంకెలు చూసి నవ్వుతాడనీ, నవ్వుతూ ఒప్పుకుంటాడనీ నర్సింగానికి ముందే తెలుసు.

అక్కడే ఊరికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, నిజం చెప్పాలని ముత్యం తీర్పు. దశరథం గొణిగాడు.

"ఇనవడుతలేదట. మల్ల చెప్పు," అన్నాడు నర్సింగం. మూడుసార్లు చెప్పించాడు. మూడోసారికి మేస్త్రి గొంతు వణికింది. ఆ వణుకు నర్సింగానికి బెల్లంలా తియ్యగా ఉంది.

ఫోటో చేతులు మారి గోడవారన కూర్చున్న భూదేవిని చేరింది. కొంగుతో తుడిచి చూసింది. ముందు దశరథం, కనురెప్పలతో సహా స్పష్టంగా. వెనక మగ్గం దగ్గర ఆగయ్య వీపు, చొక్కా భుజాన తాను వేసిన మాసిక.

"మేస్త్రి మొకమైతే మంచిగ వడ్డది," అంది. "ఈయన మొకం ఎక్కడన్న తీసినవా అన్నా, గా దినం?"

ఆ రోజు రీలులో ఇంకా పదకొండు బొమ్మలకు చోటుంది. ఆ మాట నర్సింగం చెప్పలేదు.

"లేదు చెల్లె," అన్నాడు.