టెస్టుకు ముందు రెండు రోజులు

చిన్నకోడూరులో బస్సెక్కాక, పక్క సీట్లోని పెద్దమ్మ నా చేతిలోని షుగర్ టెస్టు చీటీ చూసి మాట కలిపింది. సిద్దిపేటలో టెస్టు ఉందంటే రెండు రోజుల ముందే అన్నం మాని జొన్నరొట్టె తినడం నా అలవాటు. ఆ తెలివి గురించి కాస్త గర్వంగానే చెప్పాను.

"నేను గూడ గట్లనే చేసిన బిడ్డా, శాన ఏండ్లు. రిపోర్టు మంచిగ వచ్చేది, డాక్టరు మెచ్చుకునేటోడు. ఇంటికి పోయి కడుపు నిండ బువ్వ తినేదాన్ని," అని నవ్వింది.

బస్టాండులో అందరూ దిగుతున్నా ఆమె లేవలేదు.

"బిడ్డా, నా కాళ్లకు చెప్పులున్నయా సూడు. ఊడిపోయినా నాకు తెలుస్తలేదు," అంది మెల్లగా.

వంగి చూశాను. ఎడమకాలి చెప్పు సీటు కిందికి జారిపోయింది. తీసి తొడిగాను. నా వేళ్లు అరికాలికి తగిలాయి. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "దొరికిందా?" అని అడిగింది.

ఆ రోజు డాక్టరు రిపోర్టు బాగుందన్నాడు. రెండు రోజుల నుంచే రొట్టె తింటున్నానని చెప్పేశాను.

ఇప్పుడు టెస్టు లేని రోజుల్లోనూ రొట్టే తింటున్నాను. అన్నం గిన్నె మీదికి మనసు పోయినప్పుడు కాలివేళ్లతో నేలను నొక్కి చూసుకుంటాను. చల్లగా తగులుతుంది.