ఒకటో తరగతిలో మొద్దు టీవీ

బడిలోకి ఏ యంత్రం వచ్చినా దాన్ని ఒకటో తరగతిలో చేర్చుకుని, చాప వేసి పిల్లల వరసలో కూర్చోబెట్టడం తాతబాబు మాష్టారి అలవాటు. ఆయనకు వేరే అలవాట్లు లేవని కాదు. దీని ముందు అవి లెక్కలోకి రావు.

దోర్నపాల్లో బస్సు దిగి పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే ఇప్పపారా. అక్కడి ప్రాథమిక పాఠశాలకు పందొమ్మిదేళ్లుగా హెడ్మాస్టరూ, గుమాస్తా, గంట కొట్టేవాడూ ఆయనే. కిరండూల్ రైలు లైన్లో పనిచేసిన గ్యాంగ్‌మన్ కొడుకు. సర్కారు రిజిస్టరు జోలికి పోకుండా, యంత్రాల కోసం విడిగా ఒక నోటుబుక్కు పెట్టుకున్నారు. అందులో, ఇరవై మంది పిల్లల తర్వాత, టాబ్లెట్‌కి ఇరవై ఒకటో నంబరు. తండ్రి పేరు: సర్కారు. మాతృభాష: హిందీ. హాజరు చాలక రెండేళ్లుగా ఫెయిలవుతోంది, ఎందుకంటే చార్జింగ్ ఉన్న రోజే అది బడికి వచ్చినట్టు. బరువు తూచే మిషను ఇరవై రెండు. అది మాత్రం పాసై రెండో తరగతికి వెళ్లింది. "అబద్ధం ఆడదమ్మా, చదువబ్బింది" అని మాష్టారు మెచ్చుకునేవారు.

ఇరవై మూడో నంబరు, నలభై మూడు అంగుళాల టీవీ.

కొత్తగా పోస్టింగు వచ్చిన స్టెల్లాకి బడిలో మొదట కనిపించింది అదే. హుంగా అనే కుర్రాడికీ, మంగి అనే ఆరేళ్ల పిల్లకీ మధ్య, చాప మీద, ముందు పలక పెట్టుకుని కూర్చుని ఉంది. స్టెల్లా టీచరు డిప్లొమాలో 'తరగతి గదిలో సాంకేతికత' పేపరులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మనిషి. ఆ పేపరులో పలక ప్రస్తావన లేదు.

"మాష్టారూ, టీవీని గోడకి బిగించాలి కదండీ?"

"ఒకటో క్లాసు పిల్లని గోడకి బిగిస్తామేటమ్మా?"

"పిల్ల కాదండీ, టీవీ. పాఠాలు చెప్పడానికి వచ్చింది."

"పందొమ్మిదేళ్ల సర్వీసున్న నాకే ఈళ్లు పాఠం చెప్తన్నారు. నిన్నగాక మొన్న వచ్చిందానికి అంత తొందరేటి?"

మధ్యాహ్నం ఎండ బాగా కాసి, సోలారు పలక కరుణించాక, మాష్టారు దానికి పెన్‌డ్రైవు గుచ్చి "లేవరా ఇరవై మూడు, నీకొచ్చింది చెప్పు" అన్నారు. టీవీ గంభీరమైన హిందీలో పాఠం మొదలుపెట్టింది. తెర మీద ఒక కోడిపుంజు బుట్టలో కూర్చుని గుడ్లు పొదుగుతోంది. పాఠం చివర ఎర్రటి హృదయాలు పేలి, గులాబీ రేకులు కురిశాయి.

హుంగా చాప మీంచి ఎగిరి నిలబడ్డాడు. "ఓరి నీ! పుంజు ఏంది, పొదుగుడేంది! పెట్ట గద పొదిగేది!"

"మొద్దు! మొద్దు!" అని తరగతి తరగతంతా చప్పట్లు కొట్టింది.

"తిట్టకండిరా," అన్నారు మాష్టారు కఠినంగా. "దానికి ఇంటికాడ చెప్పేవోళ్లు లేరు. హుంగా, నువ్వే కాస్త బోధపర్చు."

హుంగా అరగంట బోధపర్చాడు. మర్నాడు వాగు గుట్ట ఎక్కుతున్న వీడియో. ఆ మర్నాడు చెరువు గట్టున గడ్డి మేస్తున్న చేప. ఏ రోజుకారోజు ఎవరో ఒక పిల్ల లేచి, ఆవేశంతో ముక్కుపుటాలు అదురుతూ, టీవీకి జ్ఞానం ప్రసాదించేది. ఇంత మొద్దు విద్యార్థిని మాష్టారు పందొమ్మిదేళ్లలో చూడలేదట. స్టెల్లా మాత్రం విద్యాశాఖ వారి బాధ్యతారాహిత్యాన్ని ఖండిస్తూ నాలుగు పేజీల ఫిర్యాదు రాసుకుంది. ఊళ్లో నెట్‌వర్కు లేదు కాబట్టి, దోర్నపాల్ వెళ్లినప్పుడు పంపాలని సంచిలో పెట్టుకుంది.

ఇంతలో ఒక సర్వే ఫారం వచ్చింది. మాట రాని పిల్లల పేర్లు రాయాలి. స్టెల్లా నిజాయితీపరురాలు. మంగి బడిలో చేరి ఏడాదైంది, ఒక్క మాట మాట్లాడలేదు. పేరు పిలిస్తే మోకాళ్లలో తల దూర్చుకుంటుంది. స్టెల్లా ఆ పేరు గుండ్రటి అక్షరాలతో రాసి పంపింది. దాని ఫలితం పది రోజులకు తెలిసింది: మంగిని సుక్మాలో మూగపిల్లల హాస్టల్లో వేస్తారు. గురువారం సంకుల్ సార్, అంటే చుట్టుపక్కల బళ్లన్నీ చూసే ఉపేంద్ర, వచ్చి ఒకసారి పరీక్షించి సంతకం పెట్టడమే మిగిలింది.

మంగి తల్లి పువ్వేరే గంప నెత్తిన పెట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంది మేడం, నా బిడ్డకు నోరు లేదని రాసినవంట?"

"బడిలో మాట్లాడదమ్మా..."

"ఇంట్ల ఆగదు! అది మేకల్ని తిడితే వాగు అవతలోళ్లకు వినబడతది. తోడు లేక అడివికెట్ల పోవాలె నేను? దాన్ని సుక్మాకు పంపుతవా?"

స్టెల్లా ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే మాష్టారి దగ్గరకు పరిగెత్తింది. ఆయన ఇంట్లో లేరు. ఆ పై పొద్దున కూడా లేరు. బడి వేళకి మాత్రం కాళ్లకి మట్టితో వచ్చి, తాపీగా గంట కొట్టారు.

"మాష్టారూ, పేరు కొట్టేయిద్దామండీ!"

"రాసింది కొట్టేయాలంటే ఆ పిల్ల గొంతు సార్ చెవిన పడాలమ్మా. అడుక్కో, బతిమాలుకో, నీ ఇష్టం."

స్టెల్లా బతిమాలింది. చాక్లెట్ ఇచ్చింది. మంగి చాక్లెట్ తీసుకుని మోకాళ్లలో తల దూర్చుకుంది.

గురువారం ఉపేంద్ర మోటారుసైకిల్ దిగి లోపలికొచ్చి, వరసలో టీవీని చూసి ఆగిపోయాడు.

"యే క్యా హై గురూజీ? దీన్ని దీవార్‌కి పెట్టాలె గద?"

"వచ్చే ఏడు పాసైతే ఆలోచిద్దాం సార్."

ఉపేంద్ర ఇలాంటి జవాబులకు అలవాటుపడ్డ మనిషి. కుర్చీ లాక్కుని కూర్చుని మంగిని పిలిచాడు. "నీ పేరేంది బిడ్డా?" మోకాళ్లు. "మీ అయ్య పేరు?" మోకాళ్లు. ఉపేంద్ర దయగానే నిట్టూర్చి, ఫారం తీసి, కలం మూత విప్పాడు. స్టెల్లా గోడకి ఆనుకుంది.

"సార్, సంతకానికి ముందు మా ఇరవై మూడు పాఠం కూడా వినండి. పెద్దోళ్లొచ్చినప్పుడు వినకపోతే అలుగుతాది," అని మాష్టారు పెన్‌డ్రైవు గుచ్చారు.

తెర మీద ఇప్పచెట్టు. ఒక కుర్రాడు నడుముకి గంప కట్టుకుని కొమ్మలెక్కుతున్నాడు. గంభీరమైన హిందీ గొంతు, ఇప్పపువ్వును చెట్టెక్కి ఒక్కొక్కటే కోయవలెనని చెబుతోంది. కుర్రాడు చిటారుకొమ్మ వంచి పటపటా తెంపుతున్నాడు.

మంగి మోకాళ్లలోంచి తల ఎత్తింది. కుర్రాడు రెండో కొమ్మ వంచాడు. కొమ్మ ఫెళ్లున విరిగింది.

"దిగు!" అని కేక పడింది. వాగు అవతలికి వినబడే కేకే. "దిగు రా ముందు! ఇప్పపువ్వు చెట్టెక్కి కోస్తరారా? తెల్లారంగ అదే రాలతది! కింద ఏరుకోవాలె! కొమ్మ ఇరగ్గొడితివి, వచ్చే ఏడు పువ్వు నీ అయ్య ఇస్తడా?"

ఉపేంద్ర చేతిలో కలం అలాగే ఉండిపోయింది. "అయితే... చెట్టు ఎక్కరా బిడ్డా?"

మంగి ఆయన వైపు తిరిగింది. ఆ చూపులో జాలి ఉంది. "నీకు గూడ తెల్వదా?"

తర్వాత పావుగంట సేపు, చెట్టు కింద ఆకులెట్లా ఊడ్వాలో, పందులు రాకముందే ఎట్లా లేవాలో, పువ్వెన్ని రోజులు ఎండాలో సంకుల్ సార్‌కి చెప్పింది. సార్ రెండు ప్రశ్నలకు తప్పు జవాబిచ్చి తిట్లు తిన్నాడు. తెర మీద హృదయాలు పేలాయి. ఆయన లేచి ఫారంలో పేరు కొట్టేసి, సంతకం పెట్టి, గుమ్మం దగ్గర మాష్టారితో మెల్లగా అన్నాడు: "ఈ వీడియోలు పైనుంచి గిట్ల వస్తున్నయా? నేనైతే ఒక్కటి గూడ చూడలె. మాఫ్ చెయ్యి గురూజీ."

"పర్లేదు సార్. పిల్లలు సర్దుకుంటన్నారు," అన్నారు మాష్టారు ఉదారంగా.

ఆదివారం స్టెల్లా దోర్నపాల్ వెళ్లింది. ఈమెయిల్ పంపిపెట్టేది ముకేష్ అనే కుర్రాడి ఫోటో స్టూడియోలో. పెళ్లి వీడియోలు అతని అసలు వృత్తి. ఫిర్యాదు స్కాన్ చేస్తూ మొదటి పేజీ చదివి, తెల్లబోయాడు.

"మేడం, ఇది నా మీద కంప్లయింటా?"

"మీ మీద ఎందుకు?"

"ఇవన్నీ నేను చేసినయే గద! కానీ తప్పులు నావి కావు మేడం, దేవుని మీద ఒట్టు. అన్ని గురూజీ చెప్పినయే. ఆదివారం ఆదివారం వచ్చి పక్కన కూసోని చేయిస్తడు. కంప్యూటర్ నాకంటె మంచిగొస్తది ఆయనకు. గులాబీలొక్కటే నావి."

ముకేష్ ఆగలేదు.

"పుంజు పొదిగేది నేను చెయ్యనన్న. పెళ్లిళ్లు తీసుకునేటోణ్ణి, నలుగురు చూస్తే నవ్వుతరన్న. 'హుంగాది కోళ్లున్న ఇల్లురా, ఆడికి పుంజే పడాలి' అన్నడు. మొన్న బుధవారం బడి ఇడిసినంక ఉరికొచ్చిండు. రెండు పొద్దులు మంగి వాళ్లింటోళ్ల ఎంబడి ఇప్పచెట్ల కిందికి పోయిండంట. ఆ పిల్లకు దేనికి కోపమొస్తదో చూసొచ్చిండంట. కొమ్మ ఫెళ్లున ఇరగాలె, సౌండు పెంచు పెంచు అని సతాయించిండు."

స్టెల్లా ఫిర్యాదు వెనక్కి తీసుకుని, తిరగేసి, ఖాళీ వైపు 'సన్న' అని ఒక పేరు రాసింది. బడిలో చేరి వారమే అయిన పిల్లవాడు, ఇంకా తలుపు వెనకాలే నిలబడుతున్నాడు. వాడి ఇంటిల్లిపాదీ ఎండాకాలం తునికాకు కోతకు పోతారు.

"నాకొకటి చెయ్యాలి, ముకేష్. తునికాకు ఎండి రాలాక, చీపురుతో ఊడ్చి కట్టలు కట్టాలని."

మౌసు మీద ముకేష్ చెయ్యి ఆగింది. "చేస్త మేడం. చేసుడుకేంది. కానీ... రాలింది ఎవడు కొంటడు మేడం? బీడీ ఆకు గద అది! లేతగున్నప్పుడే కోయాలె. ఎండినదాన్ని కట్ట కడితే పొడి అయితది, ఆకు కొనే మున్షీ నీ మొకాన కొడతడు! మా అమ్మ చిన్నప్పుడు నన్ను..."

స్టెల్లా కుర్చీ దగ్గరికి లాక్కుని, కలం తీసింది. మధ్యలో ఒక్కసారి మాత్రం కల్పించుకుని, "రాత్రి మంచులో పెడితే ఎండాకు మళ్లీ పచ్చబడుతుందట కదా?" అని అమాయకంగా అడిగింది.

ముకేష్ వెళ్లి, గిరాకీ రాకుండా షట్టరు సగం దించి వచ్చి, తునికాకు పాఠం మొదటినుంచి మొదలుపెట్టాడు.