తెల్లచీర అంచు వేసిన బొంత

1934లో, చిత్తిరై నెల ఎండలు ముదిరిన రోజుల్లో జరిగిన సంగతి ఇది. అప్పటికే కోవిల్‌పట్టిలో మా ఇంటి తిన్నె మీద కూచుని బొంతలకి అంచులు వేయడం నా పని. బొంత కుట్టడం చాలామందికి వచ్చు. అంచు దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసి నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. టైలర్లు దీన్ని బైండింగ్ అంటారు. లోపలి పొరలు జారిపోకుండా నాలుగు వైపులా వేరే గుడ్డ మడిచి మూసి కుట్టడమన్నమాట. చూసేవాళ్ళకి అదొక సోకు. కానీ బొంతలో మొదట చిరిగేది అదే, బిడ్డ నోట్లో పెట్టుకునేదీ మెడకి రాసుకునేదీ అదే.

అరవదేశంలో స్థిరపడ్డ మా తెలుగువాళ్ళలో తొలిచూలు బిడ్డ బొంతకి ఒక కట్టుబాటు ఉంది. నడిమి భాగం నాయనమ్మ పాతచీరలతో కుట్టాలి, అంచు అమ్మమ్మ చీరతో వేయాలి. అమ్మమ్మ తాళి తీసినదైతే మాత్రం ఆమె చీర పనికిరాదు. ఎవరైనా ముత్తైదువని అడిగి తెచ్చి కానిచ్చేస్తారు. ఈ మెలిక పెట్టిందెవరో నాకు తెలియదు గానీ, వాళ్ళు జన్మలో సూది పట్టి ఉండరు.

కళుగుమలై పక్క పల్లె నుంచి రంగమ్మ ఒక మూటతో వచ్చింది. మొగుడు పోయినావిడ. ఒక్కగానొక్క కూతురు లచ్చుమిని విరుదునగర్‌లో ఇచ్చింది. తొలి కాన్పుకి పుట్టింటికి పంపమని అడగబోతే, తాళి లేని ఇంట్లో పురుడేమిటని వియ్యపురాలు గురువమ్మ వాకిట్లోంచే తిప్పి పంపింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల నడుస్తోంది. రంగమ్మ ఇంకా మనవరాలి మొహం చూడలేదు. ఇప్పుడు గురువమ్మ తన పాతచీరలు పంపి, అంచు ఎర్రగా ఉండాలని కబురు చేసింది.

"ఈ బొంత వాళ్ళకి నచ్చితే ఆ గడప తొక్కుతా అక్కా. నచ్చలేదంటే ఇంగ నాకు ఆ దోవ లేదు" అంది రంగమ్మ.

నడిమి భాగం తనే కుట్టి, అంచుకని రెండు గుడ్డలు తెచ్చింది. ఒకటి పక్కింటి ముత్తైదువ ఇచ్చిన ఎర్రటి మిల్లు బట్ట, కొత్తది. దాని మీద ఫాస్ట్ కలర్ అని ముద్ర కూడా ఉంది, అంటే రంగు పోదని. నేను ముద్రల్ని నమ్మను. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే నా గుడ్డంతా ఎర్రబడింది. పైగా కొత్త బట్ట మొదటి ఉతుకుకే కుదించుకుపోయి, నడిమి పాతగుడ్డని ముడతలు పడేలా లాగేస్తుంది.

రెండోది ఆమె పెండ్లి పట్టుచీర. తాళి ఉన్నప్పటిది గనక ఎవరూ తప్పు పట్టరని ఆమె ఆశ. నాకూ అలాగే అనిపించింది. కానీ మడతల దగ్గర చేత్తో లాగి చూస్తే పర్రుమంది. జరీ గరుకు వేరే.

"బిడ్డ ఒళ్ళు ఎట్లుండాది?" అని అడిగాను.

"మెడంతా చెమటకాయలంట. వచ్చినోళ్ళు చెప్పినారు."

నేను ఆమె కట్టుకున్న చీర చెంగు పట్టుకుని చూశాను. ఉతికి ఉతికి వెన్నలా అయిన తెల్లటి నూలుచీర. కుదించుకోవలసిందంతా ఎప్పుడో కుదించుకుపోయింది. పోవడానికి రంగే లేదు. నడిమి గుడ్డకి సరిజోడు.

"ఇట్లాంటిది ఇంగోటి ఉండాదా?"

రంగమ్మ చెంగు లాక్కుంది. "తెల్లదా? తరిమేస్తారు అక్కా."

"పసుపులో ముంచి ఇస్తే?" అని కాసేపటికి తనే అడిగింది. పసుపు ఎండకి వెలిసిపోతుంది. అప్పుడు తెల్లదనం బయటపడితే మోసం చేసిందంటారు, అది మరీ చేటు. అదే చెప్పాను. ఆమె చాలాసేపు ఆ పట్టుచీర మడత పెడుతూ, విప్పుతూ కూచుంది. చివరికి, "బిడ్డ మెడకి ఏది మంచిదో అదే వెయ్యి" అంది. వేశాను గానీ, ఒక్కో కుట్టునీ రెండేసిసార్లు చూసుకున్నాను. తేడా వస్తే పాడయ్యేది లచ్చుమి కాపురం, నాది కాదుగదా.

ముత్తైదువ చేత్తో ఇస్తేనే పుచ్చుకుంటారని నన్నూ రమ్మంది. రైల్లో సాత్తూరు దాటాక రంగమ్మ బొంత మూట నా ఒడిలో పెట్టేసింది. ఆ ఇంటి దగ్గర రంగమ్మ బయటి తిన్నె మీదే ఆగిపోయింది. నేను లోపలికి వెళ్ళి బొంత గురువమ్మ చేతిలో పెట్టాను. చుట్టాల ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆవిడ బొంత విప్పి, అంచు చూసి ఆగింది.

"ఇది ఎవురి చీర?"

నేను నోరు తెరిచేలోపే తిన్నె మీది నుంచి గొంతు వినిపించింది. "నాదే వదినె."

గురువమ్మ అటు చూడలేదు. బొంత నా ముందు పడేసి, "ఈ అంచు విప్పు" అంది.

విప్పడానికి కూచున్నాను. ఒక వైపు సగం విప్పేసరికి ఆవిడ ఒక ఎర్రగుడ్డ తెచ్చింది. తడిచేసి నా తెల్ల రుమాలు మీద రుద్ది, మరక చూపించాను. ఈసారి పెట్టె తెరిచి పట్టుగుడ్డ తీసింది.

"ఇదైతే రంగు పోదుగదా. వెయ్యి" అంది.

అప్పటిదాకా గదిలోనే ఉన్న లచ్చుమి బిడ్డని ఎత్తుకుని బయటికొచ్చింది. అత్త ముందు నిలబడి, బిడ్డ గడ్డం కొంచెం పైకెత్తి పట్టుకుంది. మెడ మడతల్లో తోలు లేచి ఎర్రగా ఉంది.

"అత్తా, నిన్న చుట్టాలు చూడాలని ఈ పట్టుగుడ్డ కప్పితేనే ఇట్లయింది. రాత్రంతా ఏడ్చింది."

గురువమ్మ బిడ్డ మెడ వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత వంగి, ఇంకా విప్పని అంచుని తన మణికట్టు లోపలి వైపు రాసి చూసుకుంది. మళ్ళీ రాసింది.

"ఇది ఎన్నాళ్ళు వస్తాది?" అని నన్నడిగింది.

"నడిమి గుడ్డ బిడ్డ పెద్దదయ్యేదాకా వస్తాది. అంచు ముందు పోతాది. ఏటేటా మార్చాల."

"దేంతో?"

"ఈ చీరతోనే. వేరే గుడ్డ వేస్తే బొంత ముడుచుకుంటాది."

ఆవిడ పట్టుగుడ్డని పెట్టెలో పెట్టి మూత వేసింది. వీపు నా వైపే ఉంది.

"విప్పింది కుట్టెయ్" అంది. కాస్త ఆగి, "ఏటేటా గుడ్డ తేవాల్సింది ఆమే గదా. వాకిట్లో కూచుంటే కొలత ఎట్ల తెలుస్తాది? లోపలికొచ్చి బిడ్డని చూసి పొమ్మను" అంది.

నేను బయటికి వెళ్ళి పిలిచాను. రంగమ్మకి అంతా వినిపించే ఉంది. చెంగు సర్దుకుని లేచింది. చెయ్యి పట్టి గడప దాకా నడిపించాను. లచ్చుమి గడప దగ్గరికే వచ్చి బిడ్డని తల్లి చేతిలో పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. చూసేవాళ్ళు ఏమనుకుంటే నాకేం?

అంతకుముందు ఎవరైనా అంచుకి ఏ గుడ్డ మంచిదని అడిగితే, గట్టిది తెమ్మని చెప్పేదాన్ని. ఆ తర్వాత అలా చెప్పలేదు. ఎంత గట్టిదైనా అంచు చిరగక మానదు. అందుకే, చిరిగినప్పుడు ఎవరు మీ గడపలోకి రావాలని మీకుందో వాళ్ళ చీర తెమ్మనడం మొదలుపెట్టాను.