దుర్గ కాటుక, కంటి కెమెరా

మా పక్కింటి దుర్గ ముదినేపల్లి పిల్ల. చిలకలపూడి కోడలిగా వచ్చి, అత్తగారి పక్కన కూర్చుని రోల్డుగోల్డు నగలకు రాళ్లు అతికించడం నేర్చుకుంది. మొగుడు రత్తయ్య చేపల చెరువుల కాపలాకి పోయి ఎప్పుడో గానీ ఇంటికి రాడు. ఇల్లు నడిచేది దుర్గ చేతిలో రాళ్లు పట్టే చిమటా మీదే. నలభై దాటినా, ఆముదం దీపానికి పట్టిన కాటుక పెట్టుకోనిదే గడప దాటదు. కొత్తవాళ్లు వస్తున్నారంటే దిష్టి తగలకుండా ఇంకాస్త దట్టంగా దిద్దుతుంది.

2007 వేసవిలో పూర్ణిమ అని, విశాఖపట్నంలో పెద్ద చదువు చదువుతున్న అమ్మాయి, దుర్గ పనిచేసే షెడ్డుకి వచ్చింది. చేతిపని చేసేవాళ్ల కళ్లు ఎప్పుడు ఎక్కడికి తిరుగుతాయో పరిశోధనట. తలకి పట్టీ కడుతుంది. దానికి ఓ చిన్న కెమెరా కంటివైపు, ఇంకోటి పనివైపు. వైర్లన్నీ కంప్యూటరుకి.

నాకు మొదట్నుంచీ అనుమానమే. ఫ్యాను తిరిగితేనే కరెంటు ఖర్చని గింజుకునే షెడ్డు ఓనరు దైవాధీనం, పని ఆపుకుని మరీ ఎందుకు ఒప్పుకున్నట్టు? పైగా మొన్ననే, చూపు తగ్గిందంటూ ఇద్దరు ఆడవాళ్లని రాళ్ల పనిలోంచి తీసి, తక్కువ కూలికి డబ్బాలు సర్దడానికి పడేశాడు. ఇప్పుడు దుర్గ వంతేమో! కాఫీ ఫ్లాస్కు వంక పెట్టుకుని నేనూ వెళ్లి కూర్చున్నాను.

పూర్ణిమ పట్టీ బిగించి, ఎదురుగా అట్టమీది చుక్కల్ని ఒక్కోటే చూడమంది. దుర్గ చూసింది. కంప్యూటరులో కనబడే ఆమె కంటి మీద, పాపని పట్టుకోవాల్సిన గుర్తు అక్కడ నిలవదే! రెప్ప అంచుకి గెంతుతోంది, మూలకి జారుతోంది.

"మళ్లీ చూడండక్కా."

మళ్లీ అదే తంతు. వెనక నించున్న దైవాధీనం గొంతు సవరించుకున్నాడు.

"మిషనుకే దొరకట్లేదంటే చూపు పోయినట్టేగా. దుర్గా, సోమవారం నుంచి డబ్బాల దగ్గర కూర్చో."

నేనూరుకుంటానా?

"అమ్మాయ్, అసలు నీ మిషను కంట్లో దేన్ని వెతుకుతుంది?"

"మధ్యలో నల్లపాపనండీ. బాగా నల్లగా ఉన్నదాన్ని చూసి..." అంటూనే ఆగి, దుర్గ మొహంలోకి వంగి నాలిక్కరుచుకుంది. "అయ్యో, కాటుక! ముందే తీయించాల్సింది. చూపు తప్పు కాదండీ, నా తప్పు."

దుర్గ ససేమిరా అంది. "ఇంతమంది గుచ్చి గుచ్చి చూస్తుంటే, ఉత్త కళ్లతోనా పిన్నిగారూ?"

"కాటుక రేపు పెట్టుకోవచ్చే. పని పోతే రేపెక్కడిది? లే!"

నూనె రాసి, సబ్బుతో కడుక్కుని వచ్చింది. ఈసారి గుర్తు కుదురుగా నిలబడింది. దుర్గ చెయ్యి ఒక రాయి అతికిస్తుంటే, తెరమీద ఆమె చూపుని చూపించే ఎర్రచుక్క అప్పటికే పక్క రాయి కూర్చునే గుంట మీద ఉంది.

"చూశారా, చేతికన్నా ముందే కన్ను వెళ్తోంది! పనిలో చేయి తిరిగినవాళ్లకీ కొత్తవాళ్లకీ ఇందులో తేడా ఎంతని చూడ్డానికే వచ్చాం" అంది పూర్ణిమ.

దైవాధీనం తల గోక్కున్నాడు. "సరే, దుర్గని ఉండనీ. మిగతావాళ్ల చూపు లెక్కలు కూడా నాకిచ్చి వెళ్లమ్మా."

అదీ సంగతి! నా అనుమానం ఊరికే పోలేదు.

"ఎవరివీ ఇవ్వమండీ. వాళ్లకలా మాటిచ్చే కూర్చోబెట్టాం. అయినా ఇది కంటి పరీక్ష కాదు."

ఆ పిల్ల మీద నా అనుమానం సగం తగ్గింది. ఆ బొమ్మలన్నీ విశాఖపట్నంలో ఎవరు చూస్తారో తెలిస్తే మిగతా సగం చూసుకుందాం.

సోమవారం పొద్దున దుర్గ రాళ్ల పనికే బయల్దేరింది. కళ్లకి మునుపెన్నడూ లేనంత కాటుక.

"మిషను వెళ్లిపోయిందిగా, ఎందుకే ఇంత?"

"మిషను వెళ్లింది పిన్నిగారూ. ఓనరుగారు అక్కడే ఉన్నారుగా!"