మా బాయిల గూడ ఎయ్యి

చెన్నూరు దిక్కు ఒక పల్లెల మా దవాఖాన బండి ఆగి ఉన్నది. కలరా భయం. నర్సును గనుక ఊరి బాయిల బ్లీచింగ్ పౌడర్ ఏస్తనన్న. వాసనొస్తదని ఊరోళ్లు ఒప్పుకోలే. చెప్పి చెప్పి పరేషానైన.

ఇయ్యాల పొద్దుగాల బండి వెనుక ట్రాలీల ఉన్న మా తాగునీళ్ల ట్యాంకు మూత తీస్తే, అడుగున పాచి. నేను, డ్రైవర్ మల్లయ్య ట్యాంకు ఖాళీ చేసి, లోపలంతా రుద్ది, నల్లా గొట్టం గూడ కడిగినం. మంచినీళ్లు నింపి జర పౌడర్ కలిపినం.

సూదికి వచ్చిన ముసలామె లచ్చవ్వ ఆ నీళ్లు తాగి మొఖం చిట్లించింది.

"గిదేం వాసన బిడ్డా?"

"గా పౌడరే అవ్వా. మేం తాగే నీళ్లల్ల గూడ కలుపుకుంటం."

"మీరు గూడ గివే తాగుతరా?"

మల్లయ్య గిలాస నింపుకొని ఆమె ముందట్నే గటగటా తాగిండు.

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా? మా ఒక్కలకే పోస్తున్నరనుకున్నం. నడువు, మా బాయిల గూడ ఎయ్యి" అన్నది లచ్చవ్వ. అడ్డమొచ్చినోళ్లను ఆమెనే కోపం చేసింది. పొద్దుగూకకముందే బాయిల పౌడర్ పడ్డది.

కలరా గురించి గంతగనం చెప్పిన గని, మేమేం నీళ్లు తాగుతమో చెప్పాలని నాకు తట్టనే లే. మీకైతే తట్టేదా?